ఇసుక నేలలో ఇల్లు, భూకంపం వస్తే ఊబి అవుతుందా? శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను సాయిల్ టెస్టుల పని చేస్తాను. నాగావళి ఒడ్డున, కళింగపట్నం, బారువ, ఇటు భోగాపురం, కోనాడ వైపు స్థలాల్లో బోరు వేస్తుంటే చుట్టూ నలుగురు చేరతారు, చేరినవాళ్లు దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు. నిలబడి రెండు ముక్కల్లో చెబితే సగమే అర్థమవుతుంది కాబట్టి అన్నీ ఒకచోట రాస్తున్నాను. నేను పట్టుబట్టి చెప్పేది ఒకటే: పునాది తీయకముందు నేల లోపల ఏముందో చూడండి. పిల్లర్లు లేచాక చేయగలిగింది చాలా తక్కువ, అయ్యే ఖర్చు చాలా ఎక్కువ.

ఇసుక నేల నిజంగా నీళ్లలా మారిపోతుందా?

మారుతుంది, కాకపోతే కొద్దిసేపే. దీన్నే ద్రవీకరణ అంటారు, ఇంజనీర్లు లిక్విఫాక్షన్ అంటారు. కుంచంతో బియ్యం కొలిచేటప్పుడు పక్కన నాలుగు దెబ్బలు తడితే గింజలు సర్దుకుని మట్టం దిగుతుంది కదా, వదులుగా ఉన్న ఇసుక కూడా భూకంపం కుదుపుకి అలాగే దిగాలని చూస్తుంది. పొడి ఇసుక అయితే దిగి ఊరుకుంటుంది. రేణువుల మధ్య సందులన్నీ నీళ్లతో నిండి ఉంటే మాత్రం ఆ నీరు పక్కకి తప్పుకుంటేనే రేణువులు దగ్గరవ్వాలి, కుదుపు చూస్తే సెకనుకి రెండు మూడు సార్లు వస్తుంటుంది, నీటికి తప్పుకునే టైమ్ ఉండదు. దాంతో నీటి ఒత్తిడి పెరిగిపోయి, అప్పటిదాకా ఒకదాని మీద ఒకటి ఆని ఇంటి బరువు మోస్తున్న రేణువులు ఒకదాన్ని ఒకటి వదిలేస్తాయి. అక్కడితో నేలకి బలం పోతుంది. బరువైన ఇల్లు కుంగుతుంది లేదా ఒక పక్కకి ఒరుగుతుంది, తేలికైన ఖాళీ సెప్టిక్ ట్యాంకు పైకి తేలుతుంది, ఒత్తిడి తట్టుకోలేక నీరు ఇసుకని మోసుకుంటూ బుగ్గల్లా నేల మీదికి చిమ్ముతుంది.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూడొచ్చు. ఖాళీ పెయింటు బకెట్‌లో ఏటి ఇసుక వదులుగా పోయండి, ఇసుక మట్టం దాకా మెల్లగా నీళ్లు పట్టండి, పైన సగం ఇటుక నిలువుగా పెట్టండి. ఇప్పుడు బకెట్ పక్కన సుత్తితో టకటకా కొట్టండి. పది పదిహేను దెబ్బల్లో ఇసుక మెరుస్తుంది, నీరు పైకి తేలుతుంది, ఇటుక ఒరిగి దిగబడుతుంది. తర్వాత పైకి తేలిన నీరు వంపేసి, అదే ఇసుక మీద ఇటుక మళ్లీ పెట్టి అలాగే కొట్టండి. ఈసారి ఇటుక దాదాపు కదలదు, ఎందుకంటే ఇసుక అప్పటికే గట్టిపడిపోయింది. కింద నేను రాసే పద్ధతుల్లో సగం, భూకంపం రాకముందే మీ స్థలాన్ని ఆ రెండోసారి బకెట్‌లా చేసుకోవడమే.

మన వైపు భూకంపాలు ఎక్కడ వస్తాయండి? ఇదంతా జపాన్ గొడవ కదా?

భూకంపాన్ని తట్టుకునేలా కట్టడానికి మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 1893, దాని 2016 నాటి కోడ్ మ్యాప్‌లో మన రెండు జిల్లాలూ జోన్ 2 లో ఉన్నాయి, అంటే ఆ మ్యాప్‌లో అన్నిటికన్నా తక్కువ ప్రమాదం ఉన్న జోన్. భయపడి నిద్ర మానుకోవాల్సిన పరిస్థితి కాదు. అలాగని సున్నా కూడా కాదు. 1917 ఏప్రిల్‌లో విజయనగరం ప్రాంతంలోనే 5.5 స్థాయి భూకంపం నమోదైంది. 2014 మే 21 రాత్రి పది కావొస్తుండగా బంగాళాఖాతంలో 6.0 స్థాయి భూకంపం వస్తే మన తీరం పొడవునా జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అంతకుముందు 1967 లో ఒంగోలు, 1969 లో భద్రాచలం, ఈమధ్య 2024 డిసెంబర్ 4 న ములుగు, ఇవన్నీ 5 దాటినవే.

సాధారణంగా 5 లోపు స్థాయికి ద్రవీకరణ రాదు. 5.5 నుంచి 6 మధ్య స్థాయిది దగ్గర్లో వస్తే, అదీ బాగా వదులుగా, నీళ్లతో నిండిన ఇసుక ఉంటేనే మొదలవుతుంది. కాబట్టి మన దగ్గర జిల్లా మొత్తానికి ఒకే మాట చెప్పడం కుదరదు. పార్వతీపురం వైపు గట్టి గ్రావెల్ మీద కట్టినాయనకి ఈ టెన్షన్ అక్కర్లేదు. నది పాత పాయని పూడ్చి లేఅవుట్ వేసిన చోట ప్లాటు కొన్నాయన మాత్రం చూసుకోవాలి.

దేశంలో మిగతా చోట్ల జరిగింది కూడా తెలుసుకోండి. 1934 జనవరి 15 బిహార్, నేపాల్ భూకంపంలో ఉత్తర బిహార్‌లో దాదాపు 300 కిలోమీటర్ల పొడవున నేల కుంగింది, పొలాల మీద ఇసుక పరుచుకుంది, బావులు ఇసుకతో పూడిపోయాయి. 2001 జనవరి 26 భుజ్ భూకంపంలో కాండ్లా రేవులో పైల్స్ మీద, అంటే నేలలోకి లోతుగా దించిన స్తంభాల మీద కట్టిన టవర్ కూడా ఒరిగింది.

మా స్థలం అలాంటిదో కాదో చూసి చెప్పగలరా?

చూసి అనుమానపడగలను, టెస్ట్ చేస్తేనే ఖాయంగా చెప్పగలను. అనుమానం మీరూ పడొచ్చు. నది పాత పాయ, పూడ్చిన చెరువు లేదా గుంట, గెడ్డ ఒడ్డు, ఏరు సముద్రంలో కలిసే చోటు, సముద్రం దగ్గర పల్లపు ఇసుక, కొత్తగా ఇసుక పోసి ఎత్తు చేసిన స్థలం, ఇవి మొదటి వరస. ఊళ్లో పెద్దవాళ్లని అడగండి. "ఇక్కడ మా తాత కాలంలో ఏరు పారేది బాబూ" అని ఎవరో ఒకరు చెబుతారు, ఆ ఒక్క మాట నాకు సగం రిపోర్టుతో సమానం. నది ఈమధ్యే వదిలిన ఇసుక వదులుగా ఉంటుంది, వేల ఏళ్లుగా కూర్చున్న ఇసుక మెల్లగా బిగుసుకుని ఉంటుంది, మనిషి పోసిన ఇసుక అన్నిటికన్నా వదులు.

రెండోది నీరు. పక్కింటి నేలబావిలో తాడు ఎంత దిగితే చేద నీళ్లకి తగులుతుందో చూడండి. అదీ మే నెలలో కాదు, అక్టోబర్, నవంబర్ వానలయ్యాక. మన దగ్గర తుఫాన్లు ఎక్కువగా అప్పుడే వస్తాయి, ఎండాకాలం ఐదు మీటర్ల కింద ఉన్న నీరు అప్పుడు మోకాలి లోతుకి వచ్చేస్తుంది. భూకంపం నెల చూసుకుని రాదు కాబట్టి లెక్కలో ఎప్పుడూ ఏడాదిలో అన్నిటికన్నా పైకి వచ్చే నీటి మట్టమే తీసుకోవాలి. ఎండాకాలం బోరు వేసి "నీరు తగల్లేదు" అని రాసిన రిపోర్టుని ఈ విషయంలో నేను నమ్మను.

ఎస్‌పీటీ అంటారు, అసలు ఏం చేస్తారు అందులో?

ఎస్‌పీటీ అంటే స్టాండర్డ్ పెనెట్రేషన్ టెస్ట్. బోరు తవ్వుకుంటూ వెళ్లి, ప్రతి మీటరున్నరకి ఆగి, లోపలికి ఒక గొట్టం దించుతారు. ఆ గొట్టం నిలువునా రెండుగా విడిపోతుంది, అందులో నేల నమూనా పడుతుంది. పైనుంచి 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ గొట్టాన్ని మొత్తం 45 సెంటీమీటర్లు దించుతారు. మొదటి 15 లెక్కలోకి రాదు, తర్వాతి 30 సెంటీమీటర్లకి ఎన్ని దెబ్బలు పడ్డాయో అదే ఎన్ విలువ. ఇంత మోటు టెస్టు మీద ఇన్ని లెక్కలు ఆధారపడటం కొత్తవాళ్లకి వింతగా ఉంటుంది కానీ, 1964 లో జపాన్‌లో నీగాటా భూకంపం తర్వాత ఎక్కడ ఇళ్లు ఒరిగాయి, ఎక్కడ నిలబడ్డాయి అన్నది ఈ దెబ్బల లెక్కతో పోల్చి చూసే ఈ విద్య పెరిగింది. 1971 లో సీడ్, ఇద్రిస్ అనే ఇద్దరు ఇచ్చిన సులువు పద్ధతే ఇప్పటికీ చాలా కోడ్‌లకి మూలం.

ఒకసారి వంశధార మూతి వైపు ఒక స్థలంలో మూడు మీటర్ల లోతున టెస్ట్ పెట్టాం. సుత్తి నాలుగుసార్లు పడేసరికి 30 సెంటీమీటర్లూ దిగిపోయింది. గొట్టం విప్పితే సన్నటి బూడిద రంగు ఇసుక, నీళ్లు కారుతోంది. అరచేతిలో పెట్టుకుని చెయ్యి ఊపితే పైన నీరు తేలి అద్దంలా మెరిసింది, వేళ్లు ముడిస్తే మళ్లీ లోపలికి పోయి మసకబారింది. స్థలం ఆయన నా చెయ్యే చూస్తున్నాడు. నేను ఏమీ చెప్పకముందే "అయితే ఈ పునాది సరిపోదన్నమాట" అన్నాడు.

ఎన్ విలువ ఎంత ఉంటే సేఫ్?

2016 నాటి ఐఎస్ 1893 లో జోన్ 3, ఆ పై జోన్లకి 5 మీటర్ల లోపు 15, 10 మీటర్లు, అంతకన్నా లోతున 25 ఉండాలని ఉంది, మధ్య లోతులకి మధ్య అంకె వేసుకోవాలి. జోన్ 2 కి ఈ షరతు ముఖ్యమైన కట్టడాలకి మాత్రమే, అంకెలు కూడా కొంచెం తక్కువ. మామూలు ఇంటికి కోడ్ బలవంతం చేయట్లేదు కదా అని వదిలేయకండి. ఎన్ విలువ 4, 5 ఉన్న ఇసుక భూకంపం లేకపోయినా మీ ఇంటి బరువుకి ఒక పిల్లర్ కింద ఎక్కువ, ఇంకో దాని కింద తక్కువ దిగుతుంది, గోడలు పగులుతాయి. ఈ నేలని గట్టి చేసుకోవడానికి పెట్టిన డబ్బు భూకంపం రాకపోయినా వృథా పోదు, అందుకే నేను ఇంతగా చెప్తున్నాను.

అసలు లెక్క ఎన్ ఒక్కదానితో అయిపోదు. భూకంపం ఆ లోతున నేల మీద పెట్టే ఒత్తిడి ఎంత, నేల తట్టుకునేది ఎంత, ఈ రెండో దాన్ని మొదటి దానితో భాగిస్తే వచ్చేది 1 కన్నా కింద ఉంటే ప్రమాదం. రిపోర్టులో ఈ లెక్క ఉందో లేదో మీరే అడగండి.

మాది బంక మట్టి. మాకూ వస్తుందా?

చేతిలో నలిపితే తాడులా సాగే బంక మట్టి ఇలా ద్రవంగా మారదు, దానికి ఉబ్బడం, కుంగడం లాంటి వేరే బాధలు ఉన్నాయి. ఇసుకలో కాస్త ఒండ్రు కలిసి, జిగురు లేకుండా ఉంటే మాత్రం వస్తుంది. పైన రెండు మీటర్లు బంక, కింద వదులు ఇసుక ఉన్న స్థలాలు మన డెల్టాల్లో చాలా ఉన్నాయి, పైన చూసి మోసపోవద్దు.

ఇసుక పోసి లెవెల్ చేసి, రెండు రోజులు నీళ్లు పట్టాం. గట్టిపడలేదా?

ఇది అందరూ అడిగేదే, అందరికీ జవాబు నచ్చనిదే. నీళ్లు పడితే కొంచెం దిగుతుంది, అంతే. ట్రాక్టర్ ఇసుక కొనేవాళ్లకి తెలుసు, కాస్త తేమగా ఉన్న ఇసుక ఉబ్బి ఎక్కువ కనిపిస్తుంది, తొట్టి నిండినట్టే ఉంటుంది కానీ ఇసుక తక్కువ. మీరు పోసింది కూడా ఆ ఉబ్బిన ఇసుకే. నీళ్లు పట్టినప్పుడు ఆ ఉబ్బు పోతుంది కానీ రేణువులు బిగుసుకోవు.

ఇసుకకి కావాల్సింది బరువు కాదు, కంపనం. 20, 30 సెంటీమీటర్ల పొరగా పరిచి, బాగా తడిపి, వైబ్రేటర్ ప్లేటు గానీ వైబ్రేషన్ ఉన్న రోలర్ గానీ నాలుగైదు సార్లు తిప్పి, అప్పుడు తర్వాతి పొర వేయాలి. రెండు మీటర్ల ఎత్తు ఒకేసారి టిప్పర్లతో కుమ్మరించి పైన జేసీబీ అటూ ఇటూ తిప్పితే పై అడుగు గట్టిపడుతుంది, కిందంతా మొదటి బకెట్టే. చెరువులో నీళ్లు ఉండగానే ఇసుక పోసి పూడ్చినచోటు ఇంకా ఘోరం, నీళ్లలో మెల్లగా దిగిన ఇసుక అన్నిటికన్నా వదులుగా కూర్చుంటుంది. జపాన్‌లో 1995 జనవరి 17 కోబే భూకంపంలో సముద్రం పూడ్చి కట్టిన పోర్ట్ ఐలాండ్ నీళ్లు, మట్టితో నిండిపోయింది.

పునాది ఇంకా తీయలేదు. నేలని గట్టి చేసే పద్ధతులు ఏమున్నాయి?

మూడు కలిస్తేనే ద్రవీకరణ: వదులు ఇసుక, నిండా నీరు, గట్టి కుదుపు. కుదుపు మన చేతిలో లేదు. మిగతా రెండింట్లో ఒకటి తీసేయాలి, లేదంటే రేణువుల్ని ఒకదానికొకటి అతికించాలి.

పెద్ద స్థలాలకి వైబ్రో కంపాక్షన్ ఉంది. క్రేన్‌కి వేలాడే పొడవాటి వైబ్రేటర్ నీళ్లు చిమ్ముకుంటూ నేలలోకి దిగి, మెల్లగా పైకి వస్తూ చుట్టూ ఇసుకని బిగిస్తుంది, పైన పడిన గుంటలో కొత్త ఇసుక పోస్తారు. శుభ్రమైన ఇసుకలో ఇది చాలా బాగా పనిచేస్తుంది. ఒండ్రు 15 శాతం దాటితే పెద్దగా పనిచేయదు, అప్పుడు స్టోన్ కాలమ్స్‌కి వెళ్లాలి.

స్టోన్ కాలమ్ అంటే నేలలో కంకర స్తంభం. అర మీటరు నుంచి మీటరు దాకా వ్యాసం, రెండు మూడు మీటర్ల ఎడంలో గళ్లుగా వేసుకుంటూ పోతారు. దీనికి ఐఎస్ 15284 కోడ్ ఉంది. పెద్ద వైబ్రేటర్ లేకపోయినా మన దగ్గర బోరు రిగ్‌తోనే చేస్తున్నారు: కేసింగ్ దించి, కొంచెం కొంచెం కంకర పోస్తూ, లోపల బరువైన సుత్తితో దిమ్మిస కొట్టినట్టు కొడుతూ, కేసింగ్ పైకి లాక్కుంటూ వస్తారు. ఇది మూడు పనులు చేస్తుంది. చుట్టూ ఇసుకని నొక్కి బిగిస్తుంది, తను గట్టిగా ఉండి బరువు మోస్తుంది, కుదుపు వచ్చినప్పుడు ఒత్తిడి పెరిగిన నీటికి దారి ఇస్తుంది. కంకరలో దుమ్ము, డస్ట్ కలిసి ఉంటే ఆ మూడో పని పోతుంది, అందుకే పనికి వచ్చే కంకర కడిగినదేనా అని చూడండి. మన జిల్లాల్లో క్వారీలు దగ్గరే కాబట్టి అపార్ట్‌మెంట్, గోడౌన్, ఆయిల్ ట్యాంకు లాంటి వాటికి నేను ముందు చెప్పేది ఇదే.

డైనమిక్ కంపాక్షన్ అంటే పది ఇరవై టన్నుల దిమ్మని క్రేన్‌తో ఎత్తి వదలడం. టన్నుల్లో బరువుని మీటర్లలో ఎత్తుతో గుణించి, వర్గమూలం తీసి, సగం చేస్తే ఎన్ని మీటర్ల లోతు దాకా పనిచేస్తుందో సుమారుగా వస్తుంది: 16 టన్నులు, 16 మీటర్లు అయితే 8 మీటర్లు. పరిశ్రమలకి, పెద్ద ఖాళీ స్థలాలకి బాగుంటుంది. చుట్టూ ఇళ్లున్న చోట వద్దు, పక్కవాళ్ల గోడలు పగులుతాయి.

అతికించే పద్ధతులు ఖరీదు. సిమెంట్‌ని నేలలోనే ఇసుకతో కలిపి స్తంభాలుగా, గోడలుగా చేస్తారు. కోబేలో రేవు అంచున కడుతున్న ఓరియంటల్ హోటల్ కింద ఇలా గళ్ల గోడలు వేసి ఉన్నారు, చుట్టూ రేవు గోడలు సముద్రం వైపు జరిగిపోయినా హోటల్ పునాది నిలిచింది.

ఫలితం ఎంత ఉంటుందని అడిగేవాళ్లకి నేను ఉరయాసు గురించి చెప్తాను. టోక్యో పక్కన సముద్రం పూడ్చిన ఊరు అది. 2011 మార్చి 11 భూకంపంలో ఊరంతా ఇసుక బుగ్గలు లేచి ఇళ్లు ఒరిగాయి. అక్కడే ఉన్న డిస్నీలాండ్‌లో ముందే ఇసుక స్తంభాలతో నేల బిగించిన భాగానికి పెద్ద నష్టం లేదు, బిగించని పార్కింగ్ స్థలం మాత్రం బురద అయింది. ఒకే ఊరు, ఒకే పూడిక, ఒకే భూకంపం.

నీళ్లు తోడేస్తే పోలా?

సూత్రం ప్రకారం నిజమే, నీరు లేకపోతే ద్రవీకరణ లేదు. ఏడాది పొడవునా, కరెంటు పోయినా, మోటారు ఆగకుండా తోడాలి మరి. సముద్రం దగ్గర తోడితే ఉప్పు నీరు లోపలికి వస్తుంది, ఉద్దానం వైపు కొబ్బరి తోటలు ఏమవుతాయో మీకే తెలుసు. పక్క ఇళ్లు కూడా కుంగొచ్చు. మీరు చేయగలిగింది ఇంటి చుట్టూ నీరు నిలవకుండా చూసుకోవడం, ఇంకుడు గుంతని పునాదికి దూరంగా తీయడం.

కాలవ నీటి సంగతి కూడా ఇక్కడే చెప్తాను. 2018 సెప్టెంబర్ 28 న ఇండోనేషియాలో పాలు నగరం దగ్గర కంటికి చదునుగా కనిపించే నేల ఇళ్లతో సహా వందల మీటర్లు జారిపోయింది. ఎగువన వరి పొలాలకి పారే సాగునీటి కాలవ వల్ల నేలలో నీటి మట్టం ఏళ్ల తరబడి పైకి ఉండటం దానికి ఒక కారణమని తర్వాత పరిశోధకులు తేల్చారు. కాలవ దిగువన పల్లంలో ఇల్లు కట్టేవాళ్లు నీటి మట్టం ఇంకాస్త జాగ్రత్తగా చూసుకోవాలి.

పైల్స్ వేసేస్తే నేల సంగతి మనకెందుకు?

పైల్స్ మంచివే, వదులు ఇసుక దాటి గట్టి పొరలోకి బాగా దిగితే. కానీ పై ఇసుక ద్రవమైనప్పుడు పైల్‌ని పక్కల నుంచి పట్టుకునేది ఏమీ ఉండదు, వదులు పొర, గట్టి పొర కలిసే చోట అది విరిగిపోయేంత వంగుతుంది. నీగాటాలో షోవా వంతెన కొత్తగా కట్టిందే, నది అడుగు మెత్తబడేసరికి దాని స్పాన్లు వరసగా పడిపోయాయి. ఆ పొర పైల్‌ని మోయదని లెక్క వేసుకుని, కలిసే చోట ఇనుము పెంచి డిజైన్ చేయమని అడగండి. మీటరు రెండు మీటర్ల పొట్టి పైల్స్ వేసి "పైల్ ఫౌండేషన్ అండీ" అని చెప్పేవాళ్ల మాట వినొద్దు.

మామూలు రెండంతస్తుల ఇల్లు. ఇంత ఖర్చు పెట్టలేం. ఏం చేయమంటారు?

మీలాంటివాళ్లే ఎక్కువ, అందుకే దీనికి సూటిగా చెప్తాను. రెండు బోర్లు పది మీటర్ల లోతుకి వేయించండి, మీరు ఇంట్లో వేసే టైల్స్ ఖర్చులో ఒక భాగం అవుతుంది. వదులు ఇసుక పైన రెండు మూడు మీటర్లలోనే ఉంటే తీసేసి, అదే ఇసుక పొరలు పొరలుగా వైబ్రేటర్‌తో బిగించి మళ్లీ నింపండి. నీరు అడ్డొస్తే ఎండాకాలం చేయండి. విడి ఫుటింగ్‌ల బదులు రాఫ్ట్ వేయండి, అంటే ఇల్లంతటికీ ఒకే మందపాటి స్లాబు పునాదిగా. ద్రవీకరణని ఇది ఆపదు, కానీ ఇల్లు ముక్కలు ముక్కలుగా కాకుండా ఒక్కటిగా దిగుతుంది, లోపలి మనుషులు బయటపడతారు. నీగాటాలో కొన్ని అపార్ట్‌మెంట్లు దాదాపు పడుకున్నట్టు ఒరిగినా విరగలేదు, జనం గోడల మీద నడిచి దిగొచ్చారు. రాఫ్ట్ మరీ భారమైతే కనీసం ఫుటింగ్‌లన్నిటినీ ప్లింత్ బీమ్‌తో రెండు వైపులా కట్టండి.

ఇంటిని నదికి, గెడ్డకి ఎంత దూరంగా జరపగలిగితే అంత జరపండి. ద్రవమైన నేల ఖాళీ ఉన్న వైపుకి జారుతుంది, ఒడ్డుకి సమాంతరంగా బారలు బారలుగా పగులుతుంది. ఇసుక తవ్వేసి ఒడ్డు నిటారుగా నిలబడిన చోట ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, నాకు బాధ కలిగించే విషయం ఇది.

ఇల్లు కట్టేసి పదేళ్లయింది. ఇప్పుడేం చేయగలం?

కొంత చేయొచ్చు. చిక్కటి సిమెంట్ ముద్దని గొట్టంతో నేలలోకి పంపి చుట్టూ ఇసుకని నొక్కే పద్ధతి ఉంది, ఇంటి పక్క నుంచే చేయొచ్చు, ఖర్చు గట్టిగానే ఉంటుంది. అంత పెట్టలేకపోతే టెస్ట్ చేయించకుండా పైన ఇంకో అంతస్తు వేయకండి. నీళ్ల పైపులు, గ్యాస్ పైపులు గోడలోకి వెళ్లే చోట వంగే జాయింట్ పెట్టించండి. సెప్టిక్ ట్యాంకు, సంపు కొత్తగా కట్టేటప్పుడు అడుగు స్లాబు గోడల కన్నా బయటికి చాపి దాని మీద మట్టి బరువు పడేలా చేస్తే తేలకుండా ఉంటాయి.

బ్యాక్టీరియాతో ఇసుక రాయి అవుతుందంటున్నారు, నిజమా?

నిజమే. యూరియా, కాల్షియం క్లోరైడ్ ఇస్తే కొన్ని బ్యాక్టీరియాలు రేణువుల మధ్య సున్నపురాయి లాంటి పదార్థం పేరుస్తాయి, ఇసుక అతుక్కుంటుంది. కట్టేసిన ఇళ్ల కింద కూడా పంపొచ్చనే ఆశ ఉంది. మీ ఇంటికి వచ్చే ఏడాది చేయించుకునే పద్ధతి మాత్రం ఇంకా కాదు.

అందరికన్నా ముందు ఎవరు చేయించాలి?

స్కూళ్లు, ఆసుపత్రులు, తుఫాను షెల్టర్లు, ఓవర్‌హెడ్ ట్యాంకులు, వంతెనలు, ఏటి గట్లు. తుఫాను షెల్టర్లు తీరం పక్కనే ఉంటాయి, కాబట్టి చాలావరకు ఇసుక మీదే ఉంటాయి. తిత్లీ తుఫాను లాంటి రాత్రి ఊరంతా తలదాచుకునే చోటు అది. మీ ఊళ్లో అలాంటిది కడుతుంటే బోరు వేశారా, ఎంత లోతు వేశారు అని గ్రామసభలో అడగండి, అడిగే హక్కు మీకుంది. ఏటి గట్టు జారితే భూకంపం అయిపోయాక కూడా వరద రూపంలో దెబ్బ మిగిలి ఉంటుంది.

రిపోర్టు నిజమైనదో కాదో మాకెలా తెలుస్తుంది?

ఒక అపార్ట్‌మెంట్ కొనబోతూ మా బంధువు ఒకాయన నాకు రిపోర్టు చూపించాడు. మూడు బోర్లు అని ఉంది, మూడింట్లో ప్రతి లోతున ఎన్ విలువలు అంకెకి అంకె ఒకటే. నేల ఎక్కడా అలా ఉండదు, పది అడుగులు జరిగితే మారుతుంది. నీటి మట్టం ఆరు మీటర్లని రాశారు, పక్క వీధి నేలబావిలో చేయి చాపితే నీళ్లు అందేట్టున్నాయి. "మావయ్యా, అక్కడ ఎవరూ బోరు వేయలేదు, వద్దు" అని చెప్పాను.

బోరు వేసే రోజు మీరు దగ్గరుండండి. సుత్తి ఎత్తు కొలవమనండి, దెబ్బలు మీరూ లెక్కపెట్టండి, గొట్టం విప్పినప్పుడు నమూనాని ఫోన్‌తో ఫోటో తీయండి. నీటి మట్టం బోరు వేసిన వెంటనే కాదు, మర్నాడు కొలవాలి, తవ్వేటప్పుడు పోసిన నీళ్లు అప్పటికి సర్దుకుంటాయి.

భూకంపం ఆగాక పెరట్లో ఇసుక బుగ్గలు కనిపిస్తే?

ఇంట్లోకి వెంటనే వెళ్లకండి, తర్వాత వచ్చే చిన్న కుదుపులకి అదే నేల మళ్లీ మెత్తబడుతుంది. న్యూజిలాండ్‌లో క్రైస్ట్‌చర్చ్ ఊరికి 2010, 2011 లో అలాగే జరిగింది, ఒకసారి బురద ఎత్తిపోసిన వీధులే మళ్లీ మళ్లీ నిండాయి. బుగ్గ లేచిన చోట నేల లోపల డొల్ల ఉండొచ్చు, దాని మీద నడవకండి, పశువుల్ని కట్టకండి. కరెంటు మెయిన్ ఆపేయండి, గ్యాస్ ఆపేయండి. బావి నీరు బురదగా మారితే, దగ్గర్లో సెప్టిక్ ట్యాంకులు పగిలి ఉంటాయి కాబట్టి, పరీక్ష చేయించేదాకా తాగొద్దు. బుగ్గల ఫోటోలు, వాటి దగ్గర నేల ఎంత దిగిందో ఒక కర్రతో కొలిచి రాసి పెట్టుకోండి, ఇల్లు బాగుచేయడానికి వచ్చే ఇంజనీర్ మొదట అడిగేది అవే.